కంకణం కట్టకముందే

"ఎవురిని అడిగి మాటిచ్చినావు?"

నందిత గొంతు పెంచలేదు. పెంచి ఉంటే లోకనాథ్ కూడా పెంచేవాడు, ఇద్దరూ నాలుగు మాటలు అనుకుని పోట్లాట అక్కడితో తెగిపోయేది.

అతను గులాబీల షెడ్డు నుంచి వచ్చి ఇంకా కాళ్ళు కడుక్కోలేదు. బూట్లకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. చేతిలో కొమ్మలు కత్తిరించే కత్తెర. దాన్ని కిటికీలో పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"అడిగేకి టైమ్ యాడుండాది? పొద్దున్నే గుడి నుంచి రామకృష్ణప్ప మామ ఫోన్ చేసినాడు. మీ నాయన తుంటి ఇరిగి ఆస్పత్రిలో పండుకున్నాడు, ఈ ఏడు కరగం ఎవురెత్తేదప్పా అన్నాడు. నేనేం చెప్పల్ల? తెలీదు అనల్నా?"

"నా భార్యని అడిగి చెప్తా అనల్ల."

"అట్లంటే ఊరు నవ్వుతాది."

"నవ్వనీ."

వంటింటి గడప దగ్గర కూర్చుని లోకనాథ్ తల్లి చిన్నమ్మ అనపకాయలు వొలుస్తోంది. గింజలు పళ్ళెంలో పడే చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

తమిళనాడు సరిహద్దు ఊరు బేరిగైలో పట్టాలమ్మ కరగం, అంటే అమ్మవారు ఆవహించే కుండ, ముప్పయ్యేళ్ళుగా ఏటా ఉగాదికి లోకనాథ్ తండ్రి వెంకటేశులు నెత్తి మీదే ఊరేగుతోంది. పోయిన వారం ఆయన షెడ్డులో డ్రిప్పు పైపు కారిన చోట జారిపడ్డాడు. కృష్ణగిరిలో కూతురు మోనిషా నర్సుగా పనిచేసే ఆస్పత్రిలోనే ఆపరేషన్ చేశారు. ఇక ఆయన కరగం ఎత్తలేడని డాక్టరు చెప్పకముందే ఊరికి తెలిసిపోయింది. ఉగాది దగ్గర పడింది. శుక్రవారం కొత్తవాళ్ళకు కంకణం కట్టాలి.

కంకణం ఒక్కరికి కాదు. కరగం ఎత్తేవాడికీ, అతని భార్యకూ కలిపి కడతారు. ఆమె దీపం పట్టే ఆడది. ఆనాటి నుంచి మూడు పండగలు గడిచేదాకా ప్రతి సాయంత్రం గుడిలో దీపం ఆమె చేతులతోనే వెలగాలి. ఒక్క రాత్రి కూడా ఊరి పొలిమేర దాటి పడుకోకూడదు.

"మూడేండ్లే కదా," అన్నాడు లోకనాథ్. "తర్వాత అంత కట్టు ఉండదు. మా అమ్మ చెయ్యలేదా?"

"సెప్టెంబర్లో నేను పోవల్సొస్తే?"

"యాడికి?"

అనేసి, అతనే తల దించుకున్నాడు.

ఎక్కడికో అతనికి తెలియక కాదు. ఇంగ్లీషు పరీక్ష రాయడానికి ఆమెను బెంగళూరు తీసుకెళ్ళి, ఎండలో కారులో కూర్చుని కాచుకున్నవాడు అతనే. మతాల చదువులో డాక్టరేటు కోసం నాలుగు యూనివర్సిటీలకు దరఖాస్తులు పంపిన రోజు, ఆఖరిది తన వేలితోనే నొక్కి పంపాడు. "పూలతోటవాడి పెండ్లాం డాక్టరమ్మ," అని నవ్వాడు. అప్పుడు డిసెంబరు. వాళ్ళ నాన్న నిలబడి నడుస్తున్నాడు.

"కెనడా కాదనింది," అన్నాడిప్పుడు, మెల్లగా. "జర్మనీ కాదనింది. ఇంగ్లండులో ఒకటి కాదనింది. మిగిలింది ఆడే ఇంగొకటి. వాళ్ళు నీతో వీడియోలో మాట్లాడి నెల దాటిపాయ. మంచీ లేదు, చెడ్డా లేదు. నందితా, ఎవురన్నా రమ్మని పిలిచింటే నేను రామకృష్ణప్ప మామ కాళ్ళు పట్టుకోనైనా వద్దని చెప్తా. పిలవందానికి ఊరికి ఏమని చెప్పేది? నా భార్య యాడికో పోతాదేమో, పోదేమో అనల్నా?"

అతను అన్నదాంట్లో తప్పు ఉంటే నందితకు ఇంత బాధ ఉండేది కాదు.

"ఇంగొకటి. నేను కాదంటే కరగం రాజప్ప చిన్నాయన ఇంటికి పోతాది. పోయిందంటే మళ్ళా మనింటికి రాదు. ఆ మాట విన్న తర్వాత మా నాయన మంచం దిగుతాడా?"

"అంటే నేనిప్పుడు మీ నాయన తుంటి ఎముక మీద నిలబడి మాట్లాడుతున్నట్టా?"

"నేను అట్లనలే."

"అనలేదు. అట్లే వినపడింది."

చిన్నమ్మ పళ్ళెం పట్టుకుని లేచింది. ఇద్దరి మధ్య నుంచే నడిచిపోయి, క్యారియరు సర్దడం మొదలుపెట్టింది.

"బస్సు పోతాది," అంది. "మీ నాయన రాగిముద్ద ఆరిపోతే తినడు."

ఎవరి పక్షమూ కాదు ఆ మాట. ఈ వారం రోజులుగా ఆమె మాట్లాడినవన్నీ అలాంటి మాటలే.

*

హోసూరులో బస్సు మారేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. కృష్ణగిరి బస్సులో కిటికీ పక్కన చిన్నమ్మ, ఇటుపక్క నందిత. ఒళ్ళో క్యారియరు వెచ్చగా తగులుతోంది.

నందిత ఫోన్ తీసి చూసింది. పెట్టేసింది. మళ్ళీ తీసింది.

ఇది ఆమెకు జబ్బులా పట్టుకుంది. దరఖాస్తు చేసినవాళ్ళంతా ఎవరికేమొచ్చిందో పేర్లు చెప్పకుండా రాసుకునే వెబ్‌సైటు ఒకటుంది. ఎక్కడివాళ్ళో తెలియదు. 'ఇంటర్వ్యూ బాగా జరిగింది, తర్వాత ఉలుకూ లేదు పలుకూ లేదు' అని ఒకరు రాస్తారు. 'నాకూ అంతే' అని ఇంకొకరు. 'కాదన్నారు. ఏడ్చి, అన్నం తిని, క్లాసుకు పోతున్నా' అని మరొకరు. పొయ్యి మీద చారు పొంగుతున్నా, హోసూరు కాలేజీలో తను చెప్పే పాఠం మధ్యలో పిల్లలు నోట్సు రాసుకుంటున్నా, ఆమె వేలు ఆ పేజీని కిందికి లాగుతూనే ఉండేది. తన చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరికీ అర్థంకాని ఎదురుచూపు, ముక్కూమొహం తెలియని వాళ్ళకు అర్థమవుతోంది.

శూలగిరి దాటాక ఫోన్ చిన్నగా అదిరింది.

ఇంగ్లండు నుంచి మెయిల్. నందిత వెంటనే తెరవలేదు. కిటికీలోంచి కొండలు చూసింది. ఒక మామిడి తోట గడిచిపోయింది. అప్పుడు తెరిచింది.

'మీ పరిశోధనాంశం మా కమిటీకి ఎంతో నచ్చింది. ఈ ఏడాది స్కాలర్‌షిప్పుతో ఉన్నది ఒక్క స్థానమే. దానికి మీ పేరును రిజర్వులో ఉంచాం. మొదటి అభ్యర్థి వద్దనుకుంటే ఆ స్థానం మీకు ఇస్తాం. అలా ఇచ్చిన పక్షంలో సెప్టెంబరులో వచ్చి చేరగలరో లేదో శుక్రవారంలోగా ఖాయంగా తెలపండి. జవాబు రాకపోతే తర్వాతి పేరును పరిశీలిస్తాం.'

రెండుసార్లు చదివింది. రమ్మనలేదు. వద్దనలేదు. రమ్మంటే వస్తావా అని అడిగారు.

ఎక్కడో ఒక మనిషి ఉన్నాడు, లేదా ఉంది. ఆ మనిషి ఇప్పుడు సంతోషంగా ఎవరికో ఫోన్ చేస్తూ ఉండొచ్చు. ఆ మనిషి వద్దనుకోవాలి. ఇంకా మంచి చోటు దొరకాలి, లేదా ఇంట్లో ఏదో అడ్డం రావాలి. అలా కోరుకుంటున్నానని తెలిసి నందితకు సిగ్గేసింది. ఆ ఇంట్లోనూ ఎవరో ముసలాయన జారిపడాలా?

"పిలిచినారా?" అంది చిన్నమ్మ, కిటికీ వైపే చూస్తూ.

నందిత ఉలిక్కిపడింది. "లేదత్తా."

అది అబద్ధం కాదు. నిజమని కూడా అనిపించలేదు.

చిన్నమ్మ కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

*

వార్డు గుమ్మంలోనే మోనిషా ఎదురొచ్చింది. డ్యూటీ దుస్తుల్లో ఉంది.

"వదినా, రామకృష్ణప్ప మామ వచ్చి కూచోనుండాడు. నాయనే పిలిపిచ్చినాడు. నిన్ను అడగల్లంట."

"నన్నా?"

"నీ నోటితో సరే అనల్లంట." మోనిషా గొంతు తగ్గించింది. "తొందరగా అనేయ్ వదినా. నాయనకి పొద్దుటి నుంచి బీపీ దిగలేదు."

వెంకటేశులు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. కుడికాలు ఎత్తుగా పెట్టారు. వారంలో మనిషి సగమయ్యాడు కానీ మీసం మాత్రం మోనిషా చేత దువ్వించుకున్నట్టుంది. పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద రామకృష్ణప్ప. పట్టాలమ్మ గుడి వ్యవహారమంతా ఆయన చేతి మీదే నడుస్తుంది. తెల్లపంచె, భుజాన తువ్వాలు, మోకాళ్ళ మీద రెండు చేతులు.

"రామ్మా," అన్నాడాయన. "ఎండలో వచ్చినారు. రొంత నీళ్ళు తాగు."

నందిత తాగలేదు. చిన్నమ్మ మంచానికి అవతలి పక్కకు పోయి, క్యారియరు విప్పి, ముద్దను చిన్న చిన్న ఉండలుగా తుంచసాగింది.

"లోకా మాటిచ్చినాడు," అన్నాడు రామకృష్ణప్ప. "సంతోషం. అయితే ఆ మాట సగమేనమ్మా. కరగం ఎత్తేది మొగోడే, నిలబెట్టేది దీపం. దీపం పట్టే ఆడబిడ్డ తన నోటితో ఒప్పుకోవల్ల. మా తాతల కాలం నుంచి అట్లే వస్తా ఉండాది. నూలు పసుపులో నానేసేకి ముందర నీ మాట కావల్ల."

"శుక్రవారం చెప్తే కాదా మామా?"

"శుక్రవారం కట్టేదమ్మా. చెప్పేది ఈ పొద్దు."

వెంకటేశులు నవ్వాడు. నొప్పి వల్ల నవ్వు ఒక పక్కకే వచ్చింది.

"ఆయమ్మనేం అడుగుతావప్పా? మన దీపం గురించే కదా పుస్తకాలు పుస్తకాలు రాస్తా ఉండేది. మీ అత్త వెనకాలే తిరిగి పాటలన్నీ పట్టుకుంది. ఈ కాలం పిల్లల్లో అంత ఆశ ఎవురికుంటాది? ఇన్నాళ్ళు రాసింది, ఇంగ చేస్తాది."

ఆయన కోపంగా అడిగి ఉంటే జవాబు సులభంగా వచ్చేది. ఇంత గర్వంగా చూస్తాడని నందిత అనుకోలేదు. దరఖాస్తుల సంగతి ఆయనకు చెప్పొద్దని, వచ్చాక చూద్దామని అన్నది లోకనాథే. 'ఏదో పెద్ద చదువు' అని మాత్రం ఆయనకు తెలుసు.

సరే అనే రెండక్షరాలు నాలుక చివరిదాకా వచ్చాయి. అనేస్తే గది ఊపిరి పీల్చుకుంటుంది. ఫోన్‌లో మెయిల్‌కు జవాబు ఇవ్వకపోతే అదే వాడిపోతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

"మామా," అంది. "నేను ఇంగ్లండులో చదివేదానికి రాసుకోనుండా. డాక్టరేటు. నాలుగు చోట్ల రాసినా, మూడు చోట్ల కాదన్నారు. నాలుగోది ఈ పొద్దు, బస్సులో వస్తా ఉంటే వచ్చింది."

ముద్ద తుంచుతున్న చిన్నమ్మ చేతులు ఆగాయి.

"పిలిచినారా?" అన్నాడు రామకృష్ణప్ప.

"పిలవలే. పిలిస్తే వస్తావా అని అడిగినారు."

రామకృష్ణప్ప స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "ఇదేం పిలుపమ్మా? పెండ్లికి పిల్చేవాడు, కార్డిస్తే వస్తావా అని ముందర కనుక్కుంటాడా?"

"వాళ్ళ పద్ధతి అట్ల మామా. శుక్రవారం లోపల చెప్పమన్నారు."

"వాళ్ళకీ శుక్రవారమేనా?" అన్నాడాయన. వెటకారం లేదు అందులో. నిజంగానే ఆశ్చర్యపోయినట్టున్నాడు.

వెంకటేశులు ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా చెరగలేదు. చెరగాలో వద్దో తెలియనట్టు ఉండిపోయింది.

"ఆడ ఏం చదువుతావు?" అన్నాడు.

"దీపం పట్టే ఆడోళ్ళ గురించి."

"మన దీపమా?"

"మన దీపమే. ఇట్లాంటివి ఇంగా ఉండాయి. అన్నీ."

"దీపం ఈడుంటే, ఆడికి పోయి చదివేది ఏముండాది?"

ఇదే ప్రశ్న వేరే మాటల్లో ఆ ప్రొఫెసర్లూ అడిగారు. వాళ్ళకు ఆమె చక్కటి ఇంగ్లీషులో, ముందే రాసుకుని వల్లెవేసిన జవాబు చెప్పింది. ఇక్కడ అది పనికిరాదు.

"ఈడుంటే నేను దీపం పట్టే మనిషినైతా మామా. దాని గురించి అడిగే మనిషిని కాలేను. రెండూ చెయ్యొచ్చు కదా అని నేనూ శానా దినాలు అనుకున్నా. కాదు. కంకణం కట్టుకున్న తర్వాత, ఇది ఎందుకిట్ల అని నేను ఎవురినన్నా అడిగితే, ఊరు ఊరుకుంటాదా? అడగొద్దు, చెయ్యి అంటాది."

"వాళ్ళు పిలవకపోతే?" అన్నాడు వెంకటేశులు.

"పిలవకపోయినా..." అని ఆగింది. తర్వాతి మాట తనకే కొత్తగా వినిపించింది. "పిలవకపోయినా నేను సరే అనలేను మామా."

పక్క మంచం దగ్గర ఎవరో బత్తాయి వొలుస్తూ వొలుస్తూ ఆపేశారు.

వెంకటేశులు ఆమె వైపు తల తిప్పాడు.

"అట్లయితే చదువు కాదు అడ్డం," అన్నాడు. "నీకిష్టం లేదు."

కాదని చెప్పడానికి నందిత నోరు తెరిచింది. పొద్దుటి నుంచి లోకనాథ్‌తో వాదించింది చదువు గురించే. ఇంగ్లండు మాట ఎత్తకుండా తనకు ఏం కావాలో ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. తనూ తనను తాను అడగలేదు.

రామకృష్ణప్ప తువ్వాలు దులిపి లేచాడు. "సరే వెంకటేశులూ. రాజప్పకి చెప్పేస్తా. వాళ్ళ కోడలు ఒప్పుకుంటాది."

"ఉండప్పా." వెంకటేశులు చెయ్యెత్తాడు. "శుక్రవారం దాకా ఎవురికీ చెప్పొద్దు."

అని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"ముద్ద తిను," అంది చిన్నమ్మ. "ఆరిపోతా ఉండాది."

ఆమె ముద్ద ఉండను చారులో అద్ది ఆయన నోటిదాకా తీసుకెళ్ళింది. పెదవులు తెరుచుకోలేదు. కాసేపు అలాగే చెయ్యి చాపి నిలబడి, పళ్ళెం బల్ల మీద పెట్టి, చెయ్యి కడుక్కుని, తన గుడ్డసంచి తీసుకుని బయటికి నడిచింది. నీళ్ళకు పోతోందనుకున్నారు అందరూ.

*

వరండాలో మోనిషా నందిత చెయ్యి పట్టుకుని ఒక మూలకు లాగింది.

"ఆపరేషనయ్యి వారం కాలేదు. ఈ పొద్దే చెప్పల్నా వదినా?"

"ఈ పొద్దే చెప్పమన్నారు మోనీ."

"సరే అనేసి తర్వాత చూసుకోవచ్చు కదా. వాళ్ళు పిలిస్తే అప్పుడు ఏదో ఒకటి చెయ్యొచ్చు. పిలవకపోతే గొడవే లేదు."

"దేవర ముందర అబద్ధం చెప్పమంటావా?"

మోనిషా ఆమెను తేరిపార చూసింది. "నువ్వు నమ్ముతావా వదినా? నిజం చెప్పు. పట్టాలమ్మ ఆ కుండలోకి వస్తాదని నువ్వు నమ్ముతావా?"

నందిత గోడకు ఆనుకుంది.

"నమ్మకపోతే అబద్ధం చెప్పేది సులభంగానే ఉండేది," అంది.

మోనిషా చెయ్యి వదిలేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా నాయనకి ఏమన్నా అయితే నేను నీతో మాట్లాడను. ఇప్పుడే చెప్తా ఉండా," అని వార్డులోకి వెళ్ళిపోయింది.

నందిత అక్కడే నిలబడి ఫోన్ తెరిచింది. ఎంత మర్యాదగా రాయాలో తెలియలేదు. నాలుగు వాక్యాలు రాసి, మూడు కొట్టేసింది. మీరు అవకాశమిస్తే సెప్టెంబరులో తప్పక వచ్చి చేరతాను, అన్నది మిగిలింది. లోకనాథ్‌తో ఒక మాట చెప్పి పంపాలనుకుంది. వేలు అతని పేరు దాకా పోయింది.

అతను పొద్దున తనను అడిగాడా?

అలా ఆలోచించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పంతానికి పంపకూడదు అనుకుంది. ఫోన్ కట్టేసి, మెట్ల దాకా నడిచి వచ్చింది. రామకృష్ణప్ప కింద ఆవరణలో ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ చెయ్యి ఊపుతున్నాడు. ఆయన మాట్లాడేది తన గురించే. మళ్ళీ తను లేని చోట.

నందిత ఫోన్ తెరిచి పంపేసింది. ఇప్పుడు ఇటు లేదు, అటు రాలేదు. చేతిలో ఏమీ మిగల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, అత్త ఇంకా నీళ్ళ దగ్గర నుంచి రాలేదని.

నీళ్ళ దగ్గర లేదు. మందుల కొట్టు దగ్గర లేదు. గేటు దగ్గర పూలమ్మే ఆమె తమిళంలో చెప్పింది, బస్టాండుకు దారి అడిగి పోయిందని.

*

బస్టాండులో ఆగి ఉన్న ఊత్తంగరై బస్సులో, ఆడవాళ్ళ వైపు కిటికీ దగ్గర చిన్నమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచి.

నందిత ఎగశ్వాసతో ఎక్కింది. "అత్తా, ఇది హోసూరు బస్సు కాదు."

"తెలుసు. కల్లావికి పోతా ఉండా."

కల్లావి ఆమె పుట్టినిల్లు. అక్కడ ఇప్పుడు అన్న కొడుకులున్నారు.

"ఎందుకత్తా ఇప్పుడు? మామ అన్నం తినలే. నా మీద కోపమా?"

"కూచో," అంది చిన్నమ్మ. నందిత కూర్చుంది.

"మా అమ్మ సచ్చిపోయినప్పుడు లోకా ఏడాది బిడ్డ. నా చేతికి కంకణం ఉండాది. మా అన్న బస్సెక్కి వచ్చినాడు నాకు చెప్పేకి. చావుమైల కదా, ఊర్లోకి రాకూడదు. పొలిమేర రాయికి అవతల నిలబడినాడు. నన్ను పిలిపిస్తే నేను బిడ్డనెత్తుకోని పోయి ఇవతల నిలబడినా. ఆడనుంచే చెప్పినాడు. ఆడనుంచే తిరుక్కోని పోయినాడు. సాయంత్రం నేను తలకి పోసుకోని, గుడికి పోయి దీపం పెట్టినా."

నందిత ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగింది.

"ఏడ్వలేదా?"

"కంకణం కట్టుకున్నోళ్ళు ఏడ్వకూడదు." చిన్నమ్మ సంచి ముడి సర్దుకుంది. "దీపం మీద నాకు కోపమనుకుంటావు. లేదు. పది మంది మొగోళ్ళు పక్కకి జరిగి నాకు దోవ ఇచ్చింది ఆ దీపం చేతిలో ఉండేటప్పుడే. అదీ నిజమే, ఇదీ నిజమే. నన్నూ అడిగినారు, నీ నోటితో చెప్పమ్మా అని. అంతమంది ముందర ఇరవై ఏండ్ల పిల్ల ఏం చెప్తాది? తల ఊపినా. కాదనొచ్చని ఈ పొద్దు నిన్ను చూసినంక తెలిసింది."

"తర్వాత కల్లావికి పోయినావు కదత్తా?"

"పోయినా. పెండ్లిండ్లకి పోయినా. కట్టు తీరినంక కూడా పొద్దున పోయి, పొద్దు వాలే లోపల వచ్చేస్తి. ఆ ఇంట్లో ఒక రాత్రి పండుకోలే."

"రెండేళ్ళుగా నీ వెనకాల తిరుగుతున్నా. ఇది నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు."

"నువ్వు ఫోన్ పెట్టి రికార్డు చేస్తా ఉంటివి. ఫోన్‌కి చెప్పబుద్ధి కాలే."

డ్రైవరు ఎక్కి ఇంజను వేశాడు. సీటు అదిరింది.

"శుక్రవారానికి వచ్చేస్తావు కదా?"

చిన్నమ్మ కిటికీ బయట బస్టాండులో జనాన్ని చూస్తూ, "పాత దీపం పట్టినామె చేతినుంచి వస్తేనే కొత్త దీపం," అంది. "నేనియ్యకుండా ఎవురికీ కంకణం కట్టేకి కాదు. నీకూ కాదు, రాజప్ప కోడలికీ కాదు. ఆ సంగతి రామకృష్ణప్పకి గుర్తు లేదు. గుర్తొచ్చే లోపల నేను రొంత పండుకుంటా."

నందిత నిర్ఘాంతపోయి చూసింది. "అత్తా, కరగమే ఆగిపోతాది."

"నేను ఆపుతా అనలే. ఇస్తా అనలే. ఆలోచించుకుంటా అంటా ఉండా. నువ్వు అడిగితే టైమ్ ఇయ్యలే కదా. నేను అడగలే. తీసుకుంటా ఉండా."

కండక్టరు వచ్చాడు. ఎన్ని టికెట్లని తమిళంలో అడిగాడు. రెండు అనడానికి నందిత బ్యాగు తెరిచింది.

"ఒకటే," అంది చిన్నమ్మ. "ఈ పాప దిగుతాది. దానికి ఇంట్లో పనుండాది."

నందిత లేచింది. దిగబోతూ వెనక్కి చూసింది. చిన్నమ్మ కొంగు తలమీదికి లాక్కుంటోంది. బస్సు కదిలి, వీధి మలుపులో కనపడకుండా పోయింది.

చేతిలో ఫోన్ మోగింది. లోకనాథ్.

"రామకృష్ణప్ప మామ ఫోన్ చేసినాడు," అన్నాడు.

"ఊఁ."

"సరే అనలేదంటనే?"

"అనలే."

షెడ్డులో నీళ్ళ మోటారు శబ్దం వినిపిస్తోంది. ఎవరో దాన్ని ఆపారు. అతనే ఆపి ఉంటాడు.

"వాళ్ళకి సరే అన్నావా?"

"అన్నాను. ఇప్పుడే పంపినా. నీకు చెప్పకుండానే పంపినా."

ఫోన్ తెగిపోయిందేమోనని నందిత చెవి నుంచి తీసి చూసింది. తెగలేదు.

"ఫోన్ మా అమ్మకియ్యి," అన్నాడు.

"అత్త ఈడ లేదు. కల్లావి బస్సెక్కింది."

"ఎవురు పంపినారు?"

"ఎవురూ పంపలే. తనే పోయింది."

"శుక్రవారం దీపం ఇయ్యల్ల కదా. ఎప్పుడొస్తాదంట?"

"చెప్పలే."

"యాడుండావు?"

"బస్టాండులో."

"ఆడే ఉండు. వస్తా ఉండా."

"యాడికి వస్తా ఉండావు?" అంది నందిత. "మీ అమ్మని తెచ్చేకి కల్లావికా? నా దగ్గరికా?"

అవతల కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఫోన్ తెగిపోయింది.